ముందు పై బోల్టు విప్పాలి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ వృత్తి గురించి ఓ పది నిమిషాలు మాట్లాడు" అని మన సంఘం కార్యదర్శి అడిగారు. ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీల్లో గేర్ బాక్సులతోనే నా కాపురం. ఆ పెద్ద యంత్రాల కబుర్లు మొదలుపెడితే మీరు భోజనాల దాకా మేలుకొని ఉండరు. అందుకని మనందరి ఇళ్లలో ఉండే స్కూటరు గురించి, అందులో మనం మరిచిపోయే గేర్ ఆయిల్ గురించి చెబుతాను. చివర్లో మా సైన్సు మాస్టారికి ఒక మాట చెప్పుకోవాలి.

మన తాతలు ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టకుండా పొలిమేర దాటేవారు కాదు. మనం మాత్రం ఇంజన్ ఆయిల్ మార్పించి, పని అయిపోయిందనుకుంటాం. చాలా మోటారు సైకిళ్లలో ఇంజనుకూ గేర్లకూ ఒకటే ఆయిల్ కాబట్టి అక్కడ ఫరవాలేదు. ఇప్పటి గేర్లెస్ స్కూటర్లలో అలా కాదు. వెనక చక్రం పక్కన చిన్న పెట్టెలో గేర్లుంటాయి, వాటి ఆయిల్ వేరు. మొత్తం కలిపి ఓ టీ గ్లాసుడు, చాలా బండ్లలో 100 నుంచి 120 మిల్లీలీటర్లు. అది కాలిపోదు, తరగదు. అందుకే ఎవరికీ గుర్తుండదు. కానీ గేర్ల పళ్ల మధ్య నలిగి నలిగి చిక్కదనం పోతుంది, అరిగిన లోహపు పొడి అందులో కలుస్తుంది, తేమ చేరుతుంది.

ఇంట్లో మార్చుకోవడం కష్టం కాదు. ఏ గ్రేడు, ఎంత, ఎన్ని కిలోమీటర్లకు అన్నది బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. ఓ ఐదు నిమిషాలు బండి నడిపి, ఆయిల్ గోరువెచ్చగా అయ్యాక ఇంజను ఆపి, చదునైన నేల మీద సెంటర్ స్టాండు వేయండి. ముందు పై బోల్టు, అంటే ఆయిల్ పోసే బోల్టు విప్పండి. అది వచ్చాకే కింది బోల్టు జోలికి వెళ్లండి. కింద ఓ పాత బేసిను పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ పూర్తిగా కారనివ్వండి.

కారిన ఆయిల్‌ను పారబోసే ముందు ఒకసారి చూడండి. నల్లబడితే అది వయసు. మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు చేరాయి. మెరిసే రజను కొంచెం ఉంటే భయం లేదు. చేతికి తగిలే ముక్కలుంటే మెకానిక్కు దగ్గరకు వెళ్లాల్సిందే.

కింది బోల్టుకు కొత్త వాషరు వేయండి. ముందు చేత్తో తిప్పి, మరలు సరిగా పట్టాకే పానా పెట్టండి. ఆ పెట్టె అల్యూమినియంది, బోల్టు ఉక్కుది. బలం చూపిస్తే ఓడిపోయేది పెట్టే. ఆయిల్ కొలిచి పోయండి. ఇంకాస్త పోస్తే మంచిదే కదా అనుకోవద్దు. ఎక్కువైన ఆయిల్ సీలు దాటి వెనక బ్రేకు మీద పడితే బ్రేకు పట్టదు. పాత ఆయిల్ మురిక్కాలవలో పోయకండి. చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చింది. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ సేకరించే గ్యారేజీలో ఇవ్వండి.

పై బోల్టు ముందు ఎందుకు విప్పాలి? కింద ఖాళీ చేశాక పైది రాకపోతే బండిలో చుక్క ఆయిల్ ఉండదు, పోసే దారీ ఉండదు. ఈ పాఠం నేను ఇంజనీరింగ్ కాలేజీలో నేర్చుకోలేదు. 1985లో, తొమ్మిదో తరగతిలో, మా సైన్సు మాస్టారి ఇంటి అరుగు ముందు నేర్చుకున్నాను.

మాస్టారికి బజాజ్ చేతక్ ఉండేది. టూ స్ట్రోక్ బండి కాబట్టి ఇంజన్ ఆయిల్ పెట్రోల్లోనే కలిపేవాళ్లం. గేర్ ఆయిల్ వేరు. ఓ ఆదివారం సాయంత్రం గేర్ ఆయిల్ మార్చుదామని నన్ను పిలిచారు. "ఒరేయ్, నేను వచ్చేదాకా ఏదీ ముట్టుకోకు" అని లోపలికెళ్లారు. నేను ఆగలేదు. కింది బోల్టు సులువుగా వచ్చింది, ఆయిలంతా దిగిపోయింది. పై బోల్టు రాలేదు. చేతికందిన పెద్ద సైజు పానా వేసి బలంగా తిప్పాను. బోల్టు తల గుండ్రంగా అరిగిపోయింది.

మాస్టారు బయటికి రాగానే, "అది ముందే అరిగిపోయి ఉందండీ" అన్నాను. ఆయన నా చేతిలోని పానా వైపు ఒకసారి చూశారు. ఏమీ అనలేదు. మర్నాడు వాళ్ల అమ్మగారిని పట్నంలో కంటి డాక్టరుకు చూపించాల్సి ఉంది. చూపు సరిగా ఆనని ఆ పెద్దావిడను పట్టుకొని తెల్లవారుజామున బస్సెక్కారు. ఆ సంగతి నాకు మంగళవారం తెలిసింది. తర్వాతి ఆదివారం కొత్త బోల్టు తెప్పించి, మళ్లీ నన్నే పిలిచి, నా చేతనే సరైన వరసలో చేయించారు. "నింపే దారి చూసుకున్నాకే ఖాళీ చెయ్యాలిరా" అన్నారు. అబద్ధం ఊసే ఎత్తలేదు.

ఉద్యోగంలో చేరాక ఓసారి పెద్ద గేర్ బాక్సు మరమ్మతు ఒక పూట ఆలస్యమైంది. ఓ ట్రైనీ కుర్రాడు నా దగ్గరికొచ్చి, "సార్, తప్పు సైజు పానా నేనే వేశానండీ" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇరవై మూడేళ్ల ఆ కుర్రాడు చెప్పగలిగింది నేను అప్పటికి పదిహేనేళ్లుగా చెప్పలేకపోయాను. వాణ్ణి ఏమీ అనలేదు. ఎలా అనకుండా ఉండాలో అంతకుముందే నేర్చుకున్నాను కదా.

మాస్టారూ, ఆ బోల్టు ముందు అరిగిపోయి లేదండీ. నేనే అరగదీశాను. మీకు ఆ రోజే తెలుసని నాకు తెలుసు. అయినా నా నోటితో చెప్పడానికి నలభై ఏళ్లు పట్టింది. క్షమించండి.

రేపు ఉదయం ఏడింటికి బడి ఆవరణలో నా స్కూటరు గేర్ ఆయిల్ మార్చి పదో తరగతి పిల్లలకు చూపిస్తాను. హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారు. మాస్టారూ, మీకు వేపచెట్టు కింద కుర్చీ వేయిస్తాను. మీరు వచ్చేదాకా ఏదీ ముట్టుకోను.

సెలవు.