హెపటైటిస్ సి: రెండు మందులు, 12 వారాలు

హెపటైటిస్ సి అనగానే మనవాళ్లు "అయ్యో, ఇక జీవితాంతం మందులే" అంటారు. కాదండీ, ఇది నయమయ్యే జబ్బు. ఎలాగో చూద్దాం.

ఇది రక్తం ద్వారా వచ్చే వైరస్. ఏళ్ల తరబడి లివర్‌లో చప్పుడు చేయకుండా ఉంటుంది. పట్టించుకోకపోతే కొందరికి సిర్రోసిస్, లివర్ క్యాన్సర్ దాకా పోతుంది. ఒకప్పుడు దీనికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, రిబావిరిన్ మాత్రలు ఇచ్చేవాళ్లు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా జ్వరం, నీరసం, డిప్రెషన్. అంత పడ్డా చాలామందికి తగ్గేది కాదు.

ఇప్పుడు సోఫోస్‌బువిర్, డక్లాటస్‌విర్ కలిపి ఇస్తున్నారు. రెండెందుకు? వైరస్ తనని తాను జిరాక్స్ తీసుకుంటూ పెరుగుతుంది. ఒక మందు ఆ జిరాక్స్‌ని మధ్యలో ఆపేస్తుంది. రెండోది అందుకు కావాల్సిన ఇంకో ప్రోటీన్‌ని అడ్డుకుంటుంది. ఒకదాన్ని తప్పించుకున్నా రెండోదానికి దొరికిపోతుంది. ఎక్కువమందికి 12 వారాల కోర్సు చాలు. నూటికి 90 మందికి పైగా నయమవుతుంది.

2013లో అమెరికాలో సోఫోస్‌బువిర్ ఒక్క మాత్ర 1000 డాలర్లు! 2014 నుంచి ఇండియా కంపెనీలకు లైసెన్సులు వచ్చాయి, మన హైదరాబాద్ హెటెరో, నాట్కోలతో సహా. ధర పడిపోయింది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద టెస్టులు, మందులు ఫ్రీ.

మా పెదనాన్నకి ఇది బయటపడినప్పుడు పెద్దమ్మ "ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి, పసరు పోయిద్దాం" అంది. నేనన్నాను, "పెద్దమ్మా, పసరుతో తగ్గాయనుకునే కామెర్లు చాలావరకు హెపటైటిస్ ఎ లాంటివి. అవి వాటంతటవే తగ్గుతాయి. ఇది ముదిరాక అలా పోదు" అని. ఒప్పుకుంది. పెదనాన్న కోర్సు పూర్తి చేశారు.

కొన్ని మాటలు గుర్తుపెట్టుకోండి. యాంటీబాడీ పాజిటివ్ వస్తే కంగారొద్దు, ఆర్‌ఎన్‌ఏ టెస్టులోనే వైరస్ ఇప్పుడుందో లేదో తెలుస్తుంది. మందు మొదలెట్టేముందు హెపటైటిస్ బి టెస్ట్ చేయించుకోండి. టీబీ, గుండె మందులు వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి. బాగుందని మధ్యలో ఆపకండి. కోర్సయ్యాక 12 వారాలకి ఆర్‌ఎన్‌ఏ టెస్టులో వైరస్ కనబడకపోతేనే నయమైనట్టు.

దీనికి టీకా లేదు, నయమయ్యాక మళ్లీ అంటుకోవచ్చు కూడా. అందుకే టాటూ వేయించుకుంటే సూది కొత్తదేనా అని అడగండి. సెలూన్‌లో బ్లేడు మార్చమనండి. అడగడానికి మొహమాటం వద్దు.