యశోదకు వినబడని ఏడుపు

(ఆలయ కల్యాణమండపంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన మాసం ఇదే మండపంలో గజేంద్రమోక్షం చెబుతుండగా వెనుక వరుసలో ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఎవరో చేత్తో సైగ చేశారు. ఆ తల్లి చంకన బిడ్డను ఎత్తుకొని, రెండవ చేత నాలుగేళ్ళ పిల్లవాణ్ణి పట్టుకొని, తల వంచుకొని బయటికి వెళ్ళిపోయింది. నేను శ్లోకం ఆపలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొసలి పట్టిన ఏనుగు మొరను స్వామి విన్నాడని గంటసేపు చెప్పినవాణ్ణి, పది బారల దూరంలో ఉన్న బిడ్డ మొరను ప్రసంగానికి అడ్డంగా భావించాను. అంతకు కొద్దివారాల ముందే మా ఇంట ఇదే పాఠం నాకొకసారి గట్టిగా తగిలింది. తగిలినా నిలువలేదు. అందుచేత ఈ నెల చెప్పవలసిన ప్రహ్లాదచరిత్రను వాయిదావేసి, ధర్మకర్తల అనుమతితో, ఆ సంగతి మీ ముందు పెడుతున్నాను.

ముందుగా భాగవతం. దశమస్కంధం ఏడవ అధ్యాయంలో శకటభంజనం ఉన్నది. చిన్నికృష్ణుడు బోర్లాపడ్డాడు. ఆ రోజే జన్మనక్షత్రం కూడా వచ్చింది. మన ఇళ్ళలో బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు పంచినట్లే నందుని ఇంట పండుగ చేశారు. యశోద బ్రాహ్మణులచేత స్వస్తివాచనం చేయించి, బిడ్డకు మంగళస్నానం చేయించి, వాడి కన్నులు మూతపడుతుంటే మెల్లగా పడుకోబెట్టి, వచ్చినవారిని ఆదరించడంలో మునిగింది. బిడ్డ పాలకోసం ఏడ్చాడు. ఆ సందడిలో ఆమెకు వినబడలేదు. వాడు కాళ్ళు తన్నాడు, పైనున్న బండి తలక్రిందులైంది.

మనం బండి విరగడం దగ్గర ఆగి చేతులు జోడిస్తాం. దాని తరువాత మరొక మాట ఉన్నది. అక్కడ ఆడుకుంటున్న చిన్నపిల్లలు, వీడే తన్నాడని చెప్పారు. పెద్దలు నమ్మలేదు, చిన్నపిల్లల మాట అని కొట్టివేశారు. ముప్పై రెండేళ్ళు సంస్కృతం బోధించాను, ఈ ఘట్టం ఎన్ని సభలలో చెప్పానో లెక్కలేదు. ఆ చిన్నపిల్లల మాటమీద ఒక్కసారి కూడా నిలువలేదు.

ఎనిమిదవ అధ్యాయంలో బలరామకృష్ణులు దోగాడే వయసు వర్ణన వస్తుంది. కొమ్ముల పశువులు, నిప్పు, కత్తులు, నీళ్ళు, ముళ్ళు, వాటివైపే ఇద్దరూ పోతుంటే, అటు వారిని పట్టలేక ఇటు ఇంటిపని చేసుకోలేక తల్లుల మనసులు నిలకడ తప్పాయని శుకమహర్షి చెప్పాడు. ఇక్కడ లెక్క చూడండి. బిడ్డలు ఇద్దరు, తల్లులు ఇద్దరు, యశోద, రోహిణి. పైగా గోకులమంతా గోపికలే. అయినా సరిపోలేదు.

మా అమ్మాయికి హైదరాబాదులో కాపురం. రెండున్నరేళ్ళ ఆడపిల్ల ఉండగా కవలలు పుట్టారు, ఇద్దరూ మగపిల్లలు. ముగ్గురికీ తల్లి ఒకతే. అల్లుడు మంచివాడు, కాని ఉద్యోగానికి పోయి రావడానికే మూడు గంటలు. పురుడు పోయడానికి వెళ్ళిన మేము అక్కడే ఉండిపోయాం.

మొదట వచ్చిన వివాదం, ఇద్దరిలో పెద్ద ఎవడని. తరువాత పుట్టినవాడే పెద్ద అని మా వియ్యపురాలి పక్షం. ముందు పుట్టినవాడే పెద్ద అని మా ఇంటి పక్షం. నన్ను తీర్పు అడిగారు. కవలలలో జన్మక్రమమే ప్రమాణమని మనువు తొమ్మిదవ అధ్యాయంలో ఉన్నదని, భాగవతంలో హిరణ్యకశిపుడు ముందు గర్భస్థుడని, హిరణ్యాక్షుడు ముందు పుట్టినవాడని చెప్పారు కనుక ఆ పక్షానికీ ఆధారం లేకపోలేదని అరగంట ఉపన్యసించాను. ఆ అరగంటలో పెద్దవాడో చిన్నవాడో ఒకడు పక్క తడిపాడు. గుడ్డ మార్చినది మా అమ్మాయే.

కవలల పెంపకం ఎట్లా ఉంటుందో నేనక్కడే చూశాను. ఒకడు నిద్రపోతే రెండవవాడు లేస్తాడు. రెండవవాడి ఏడుపుకు మొదటివాడు లేస్తాడు. ఎవడు ఎప్పుడు ఎంత పాలు తాగాడో గుర్తుండదని అమ్మాయి ఒక పుస్తకంలో రాసిపెట్టేది. పోల్చడానికి పెద్దవాడి ఎడమచేతికి నల్లదారం కట్టింది, అయినా ఒకనాడు ఒక్కడికే రెండుసార్లు పాలు పట్టారు. తల్లిపాలు ఇద్దరికీ చాలక డబ్బాపాలు, వాటికి సీసాలు, ఆ సీసాలు మరగబెట్టడం. ఇక పెద్దపిల్ల, దాన్ని అమ్ములు అని పిలుస్తాం, ఎప్పుడో మానిన సీసా మళ్ళీ కావాలన్నది, ఉయ్యాలలో తానూ పడుకుంటానన్నది. తల్లి ఒడిలో రెండు తలలు ఉంటే మూడవ తలకు చోటేదీ?

నాకు చేతనైనది ఒకటి దొరికింది. సాయంత్రం ఒకణ్ణి భుజాన వేసుకొని విష్ణుసహస్రనామం చెబుతూ హాలులో తిరిగేవాణ్ణి. రెండువందల నామాలు దాటకముందే వాడు నిద్రపోయేవాడు. "నాన్నగారూ, మొదలుపెట్టండి" అని అమ్మాయి అడిగేది. ఫలశ్రుతిదాకా వెళ్ళిన రోజులు తక్కువ. ఆ సేవ చేసి, చాలా చేశానని అనుకునేవాణ్ణి.

అసలు చాకిరీ మా ఇల్లాలిది. రోజూ పీటమీద కూర్చొని, కాళ్ళు చాపి, నలుగు పెట్టి ఒకరి తరువాత ఒకరికి లాలపోసేది. సాంబ్రాణి పొగ పసివాళ్ళ ఊపిరికి మంచిది కాదని పిల్లల వైద్యుడు చెబితే, ఒక్కమాట ఎదురు చెప్పక ఆ కుంపటి పక్కన పెట్టింది. నాలుగు నెలలకు ఆమె మోకాళ్ళు వాచి, శస్త్రచికిత్స తప్పలేదు. చికిత్సకు మా పెద్దబ్బాయి దగ్గరికి విజయవాడ వెళ్ళింది. ఇంట పెద్దదిక్కు నేనొక్కణ్ణే మిగిలాను.

పిల్లలకు ఆరవ నెల. ఒక సాయంకాలం నేను సంధ్యావందనానికి కూర్చున్నాను. వాన పట్టేటట్లు ఉన్నది. అమ్మాయి వచ్చి, "నాన్నగారూ, మేడమీద బట్టలు తీసుకువస్తాను, అయిదు నిమిషాలు వీళ్ళను చూస్తూ ఉండండి" అన్నది. తల ఊపాను. కవలలు చాపమీద ఉన్నారు, అమ్ములు వాళ్ళ పక్కన ఉన్నది. నేను కళ్ళు మూసుకొని జపంలోకి వెళ్ళాను.

కొంతసేపటికి అమ్ములు వచ్చి, "తాతా, తమ్ముడు" అన్నది. జపంలో మాట్లాడరాదు గనుక వేలు పెదవులమీద పెట్టి చూపాను. పోయింది. మళ్ళీ వచ్చి, "తాతా, తమ్ముడు ఏడవటం లేదు" అన్నది. ఏడవకపోవడం మంచిదే కదా అనుకున్నాను. మూడవసారి ఉత్తరీయం పట్టి లాగింది. కోపంతో కళ్ళు తెరిచాను.

చిన్నవాడి ముఖం నల్లబడుతున్నది. నోరు తెరిచి ఉన్నది, శబ్దం లేదు. లేచాను, పంచపాత్ర తలక్రిందులైంది. ఏం చేయాలో తెలియక నోట్లో వేలు పెట్టాను. అది తప్పని తరువాత వైద్యుడు చెప్పాడు. కనబడని వస్తువుకోసం గుడ్డిగా వేలు పెడితే అది ఇంకా లోపలికి పోతుందట. ఆ క్షణాన అమ్మాయి గుమ్మంలో అడుగుపెట్టింది. బట్టలు కిందపడవేసి, బిడ్డను తన ముంజేతిమీద బోర్లా వేసుకొని, తల కిందికి వంచి పట్టుకొని, రెండవ అరచేతి మడమతో వీపుమీద రెక్కల నడుమ కొట్టింది. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో పాలతోపాటు ఒక పుట్నాలపప్పు బద్ద బయటపడింది. వాడు ఏడ్చాడు.

కాన్పు సమయంలో ఆసుపత్రిలో ఆమెకు అది నేర్పి పంపారట. నాకు ఎవరూ నేర్పలేదు, నేను అడగనూ లేదు.

పుట్నాలు ఎక్కడివి అంటారా? నా పూజవే. రోజూ పుట్నాలు, బెల్లం నైవేద్యం పెట్టి అమ్ములు చేతిలో నాలుగు గింజలు వేసేవాణ్ణి. తల్లి అడిగితే అది, "ప్రసాదం పెట్టాను. కళ్ళకు అద్దే పెట్టాను" అన్నది. నేను చేసినదే అది చేసింది. ఉపనయనానికి పూర్వం బాలుని నడతకు, మాటకు, తిండికి నియమం లేదని గౌతమధర్మసూత్రం. కనుక దాని తప్పు లేదు. నియమాలన్నీ ఉన్నవాడు పక్క గదిలో కళ్ళు మూసుకొని కూర్చున్నాడు.

అమ్మాయి నన్ను ఒక్కమాట అనలేదు. అనివుంటే బాగుండేది.

రాత్రి విజయవాడకు ఫోను చేసి మా ఇల్లాలికి చెప్పాను. కొంతసేపు ఊరుకున్నది. తరువాత, "పెద్దవాడి పావలా సంగతి మీకు చెప్పలేదు కదూ" అన్నది. 1981లో, వాడికి రెండేళ్ళప్పుడు, పావలా బిళ్ళ మింగాడట. నేను వీధి అరుగుమీద విద్యార్థులకు సిద్ధాంతకౌముది చెబుతున్నాను, కారకప్రకరణం. ఆమె పెరటిదారిన పక్కింటావిడను తోడు తీసుకొని రిక్షాలో ఆసుపత్రికి వెళ్ళింది. భయంలేదని చెప్పించుకొని, నేను పాఠం ముగించి లేచేసరికి వచ్చి అన్నం వడ్డించింది.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"పాఠంలో ఉన్నప్పుడు పిలవవద్దని పెళ్ళైన కొత్తలో మీరే అన్నారు కదండీ."

కర్త ఎవరు, కర్మ ఏది అని అరుగుమీద విడమరిచి చెబుతున్నవానికి ఇంట్లో కర్త ఎవరో తెలియలేదు. ఈ సంగతి సభలో చెబుతానంటే ఆమె వద్దన్నది. మోకాళ్ళు నయమై ఇవాళ మూడవ వరుసలో కూర్చున్నది. ఇంటికి వెళ్ళాక ఏమంటుందో చూడాలి.

వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో కుశలవులు పుట్టిన రాత్రి వర్ణన ఉన్నది. శత్రుఘ్నుడు లవణాసురునిపైకి పోతూ ఆ రాత్రి ఆశ్రమంలోనే బసచేశాడు. మహర్షి దర్భలు మంత్రించి రక్ష కల్పించాడు. పై సగంతో తుడవబడినవాడు కుశుడు, కింది సగంతో తుడవబడినవాడు లవుడు. మంత్రం మహర్షిది. తుడిచిన చేతులు మాత్రం వృద్ధస్త్రీలవి. కవి వారిని ప్రస్తావించాడు, పేర్లు చెప్పలేదు. మా ఇంట నలభై అయిదేళ్ళుగా మంత్రభాగం నాది, చేతిభాగం ఆమెది. ఇప్పుడు చేతిభాగం అమ్మాయికి వచ్చింది.

జపమధ్యంలో లేవవచ్చునా అని కొందరు అడుగుతారు. మాట్లాడవలసివస్తే ఆచమనం చేసి మళ్ళీ మొదలుపెట్టమని పెద్దలు దారి చూపనే చూపారు. ఆపద్ధర్మం నేను విద్యార్థులకు చెప్పిన పాఠమే. లేవకపోవడానికి శాస్త్రం కారణం కాదు. పిలిచినది మూడేళ్ళ పిల్ల, అదే కారణం.

దాతలకు ఒక విన్నపం. తిరుమలలో ఏడాదిలోపు బిడ్డలున్న తల్లిదండ్రులకు సుపథం మార్గాన ప్రవేశం ఉన్నది. మనది చిన్న ఆలయం, అంత ఏర్పాటు అక్కరలేదు. ఈ మండపానికి ఈశాన్యంగా పాత వాహనశాల ఖాళీగా ఉన్నది. దానికి ఒక తెర, రెండు ఫ్యానులు, ఒక ఉయ్యాల, తాగేనీరు, ఒక మైకుపెట్టె ఉంటే చాలు, తల్లులు బిడ్డలకు పాలిస్తూ ప్రసంగం వినవచ్చు. శాశ్వతపూజకు గోత్రనామాలు ఇచ్చినట్లే దీనికీ ఇవ్వవచ్చునని కార్యనిర్వాహకులు ఇందాక నాతో అన్నారు. నా వంతు రాయించాను. మా ఇల్లాలి పేరున రాయించాను. ఇది ఆమెకు ఇప్పుడే తెలుస్తున్నది. ఆ గది సిద్ధమయ్యేదాకా, ఇక్కడే ఏడవనివ్వండి. నేను ఆగుతాను.

ఇప్పుడు హైదరాబాదులో ఉన్నన్ని రోజులూ సంధ్య ఆ చాప పక్కనే కూర్చొని చేస్తున్నాను. పిల్లలకు ఎనిమిదో నెల, ఇద్దరూ దోగాడుతున్నారు, పంచపాత్ర దాచుకోవడం కష్టంగానే ఉన్నది. పుట్నాల డబ్బా పై అరలోకి వెళ్ళింది. నైవేద్యం అరటిపండు. మొన్న అమ్ములు అందరికీ ప్రసాదం పంచుతూ తమ్ముళ్ళ దగ్గర ఆగింది. వాళ్ళ నోళ్ళు తెరిపించి చూసి, "ఇంకా పళ్ళు రాలేదు తాతా" అని చెప్పి, వాళ్ళిద్దరి వాటా తెచ్చి నా చేతిలో పెట్టింది.

స్వస్తి.