రాసేవాళ్లను పెంచిన గోష్ఠులు

తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి గారి స్మారకోపన్యాసం అనగానే ఆయన ‘హృదయేశ్వరి’ గురించో, కథాసరిత్సాగర అనువాదం గురించో వింటామని మీరు అనుకుని ఉంటారు. వాటి మీద మాట్లాడగల పండితులు ఈ సభలోనే ఉన్నారు. నేను ఆయన చేసిన మరో పనిని తలుచుకుంటాను. 1920 ప్రాంతంలో తెనాలిలో ఆయన సాహితీ సమితిని కూడగట్టారు, దానికి సభాపతిగా నిలిచారు. మన ఆధునిక సాహిత్యంలో రచయిత ఎదుగుదలకు బిరుదుల కన్నా, సన్మానాల కన్నా, చివరికి అచ్చు కన్నా కూడా ఎక్కువ తోడ్పడింది ఇలాంటి చిన్న గోష్ఠులేనని నా వాదన. లోకం కంటే ముందు శ్రద్ధగా వినే నలుగురిని అవి రచయితకు ఇచ్చాయి. మెచ్చుకోలు ఆ తరవాతి మాట.

ఈ గోష్ఠులు ఎందుకు పుట్టాయో తెలియాలంటే వాటికి ముందున్న ఏర్పాటును చూడాలి. అంతకు ముందు కవికి ఇద్దరు శ్రోతలు: పైన ప్రభువు, ఎదురుగా గురువు. జమీందారు మెచ్చితే కావ్యం అంకితమయ్యేది, గురువు దిద్దితే పద్యం నిలబడేది. బందరు హిందూ హైస్కూల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు పాఠం చెబితే ఆ తరగతి నుంచి విశ్వనాథ సత్యనారాయణ వంటి వారు వచ్చారు. సాటివాడి తోడు ఎంత బలమో ఆ కాలానికీ తెలుసు. జంటకవులే దానికి సాక్ష్యం. 1920లో తన జంట దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు కన్నుమూశాక కూడా చెళ్లపిళ్ల వారు తమ రచనలను తిరుపతి వేంకట కవుల పేరు మీదనే వెలువరించారు. అయితే ఇరవయ్యో శతాబ్దం నాటికి జమీలు చితికిపోతున్నాయి. ఇంగ్లీషు చదువుకుని వకీళ్లూ బడిపంతుళ్లూ అయిన కొత్త రచయితలకు ఆస్థానం లేదు. పత్రికలు వచ్చాయి కానీ పత్రిక పాఠకుడి ముఖం కనబడదు. ప్రభువు పోయాడు, పాఠకుడు ఇంకా పూర్తిగా రాలేదు. ఆ ఖాళీలో వెలిసినవే సమితులు.

సాహితీ సమితి సభ్యుల జాబితా చూస్తే నా వాదనకు మొదటి ఆధారం దొరుకుతుంది. చింతా దీక్షితులు, నోరి నరసింహశాస్త్రి, విశ్వనాథ సత్యనారాయణ, దేవులపల్లి కృష్ణశాస్త్రి, నండూరి సుబ్బారావు, నాయని సుబ్బారావు, మునిమాణిక్యం నరసింహారావు. వీరిలో ఏ ఇద్దరూ ఒకలా రాయలేదు. దీక్షితులు పిల్లల కోసం, పల్లె మనుషుల కోసం తేలిక మాటల్లో రాశారు. రేపల్లెలో వకీలుగా ఉంటూ నోరి వారు చారిత్రక నవలల్లోకి వెళ్లారు. మునిమాణిక్యం తన కథల్లోని కాంతం చేత ఇంటింటా నవ్వు పుట్టించారు. నండూరి వారు తన పాటల్లో ఎంకి, నాయుడుబావల చేత పాడించిన పల్లె పలుకుబడిని పండితులు పద్యానికి పనికిరాదనేవారు. 1925లో ‘ఎంకిపాటలు’ పుస్తకంగా రాకముందే అవి గొంతుల మీద తిరిగాయి. మద్రాసులో చదువుకునే రోజుల్లో వాటికి మొదటి శ్రోతలు బసవరాజు అప్పారావు వంటి స్నేహితులే. ఆ పలుకుబడిలో కవిత్వం ఉందని ముందు వారికి వినబడింది. లోకానికి తరవాత వినబడింది.

రెండో ఆధారం విశాఖపట్నంలో ఉంది. 1928లో అక్కడి కవితా సమితి శ్రీశ్రీ ‘ప్రభవ’ను అచ్చువేసింది. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. అది సంప్రదాయ ఛందస్సులో రాసిన పుస్తకం. శ్రీశ్రీని శ్రీశ్రీగా నిలబెట్టిన గొంతు అందులో ఇంకా లేదు. అయినా అది వ్యర్థం కాలేదు. ఒక యువకుడు తన తొలి రచనను బయటపెట్టి, దాన్ని దాటి ముందుకు పోవడానికి ఆ సమితి వీలు కల్పించింది. 1930ల్లో ఎక్కువ భాగం రాసిన ‘మహాప్రస్థానం’ కవితలు పుస్తకంగా వచ్చింది 1950లో. అంత ఎడంలోనూ అవి పత్రికల్లో, సభల్లో, మిత్రుల నోళ్లలో బతికే ఉన్నాయి. ఆ పుస్తకాన్ని ఆయన అంకితమిచ్చింది ఏ ప్రభువుకో కాదు, ‘ఉదయిని’ పత్రిక నడిపి 1937లోనే కన్నుమూసిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు.

రచన ఏకాంతంలో పుట్టేది కదా, దానికి సంఘమెందుకు అని కొందరు అడుగుతారు. చలాన్ని ఉదాహరణగా చూపిస్తారు. నిజమే, సంఘమే వెలివేసినట్టు చూసిన రచయిత ఆయన. కానీ ఆయన ఉత్తరాలు ఎవరికి వెళ్లాయి? సాహితీ సమితి సభ్యుడైన చింతా దీక్షితులుకు. ఆ ఉత్తరాలు తరవాత పుస్తకమే అయ్యాయి. నిజామాబాదు జైల్లో దాశరథి బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాసినప్పుడూ పక్కన తోటి ఖైదీగా రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. కాగితం లేని చోట కూడా వినే మనిషి దొరికాడు. రాయడం ఒంటరి పనే. ఎవరూ వినరని తెలిశాక కూడా రాస్తూ పోవడం మాత్రం నూటికి ఒకరికి సాధ్యం.

ఇంకో ఆక్షేపణ బరువైనది. గోష్ఠి అంటే పరస్పరం డబ్బా కొట్టుకోవడమనీ, అందరూ ఒకే మూసలో రాయడమనీ అంటారు. ‘ప్రభవ’ వచ్చిన 1928లోనే అక్కిరాజు ఉమాకాంతం ‘నేటికాలపు కవిత్వము’ వెలువరించి ఈ గోష్ఠుల్లో పెరిగిన భావకవులను గట్టిగా ఝాడించారు. అందులో అతి ఉంది, నిజమూ ఉంది. విరహమూ ఊహాప్రేయసీ అరిగిపోయిన మాట వాస్తవం. అయితే మూసలో రాయడానికి గోష్ఠి అక్కర్లేదు, పేరున్న పుస్తకం ఒకటి చేతిలో ఉంటే చాలు. సమితిలో కూర్చున్నవాళ్లు వేరువేరు దారుల్లో పోయారని ఇందాక చూశాం. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. గోష్ఠికి తన ఉమ్మడి లోపం తనకు కనబడదు, దానికి ఉమాకాంతం లాంటి బయటివాడు కావాలి. విని సరిపెట్టుకోక, ఎవరు మనవాళ్లో తేల్చే పనికి దిగినప్పుడు గోష్ఠికి ఆయుష్షు తగ్గుతుంది. 1965 నుంచి 1968 వరకు మూడు సంపుటాలు తెచ్చిన దిగంబర కవులు ఆరుగురు. 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడినప్పుడు వారిలో నలుగురు అటు వెళ్లారు, ఇద్దరు వెళ్లలేదు. అక్కడితో ఆ బృందం ముగిసింది. వారి కవిత్వం మాత్రం ముగియలేదు.

అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న తలుపుల గురించి. ఈ గోష్ఠులు ఎవరిని లోపలికి రానిచ్చాయి? సాహితీ సమితి రోజుల్లోనే రాస్తున్న దళిత కవి జాషువాకు కులం పేరిట ఎదురైన అవమానాలు మనకు తెలియనివి కావు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది తలుపుల బయట నిలబడ్డవాళ్లే. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మందితో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి బదులిచ్చారు. 1993లో ‘నీలిమేఘాలు’ స్త్రీవాద కవయిత్రులను ఒకచోట చేర్చింది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ దళిత కవులను చేర్చింది. ఒకరికొకరు తెలియకుండా రాస్తున్నవాళ్లు ఆ అట్టల మధ్య పక్కపక్కన కూర్చున్నారు. రానివ్వని గోష్ఠికి మందు ఇంకో గోష్ఠి పెట్టడమే గానీ, గోష్ఠులే వద్దనడం కాదు.

ఇవాళ మనకు పుస్తకావిష్కరణలకు కొదవ లేదు, శాలువాలకు అసలే లేదు. అచ్చుకు వెళ్లకముందు రాతప్రతిని చదివి, మూడో పేజీలో కథ చచ్చిపోయిందని ప్రేమగా చెప్పే మనిషే కరువు. మీ ఊళ్లో ఐదుగురు రాసేవాళ్లుంటే నెలకోసారి కలవండి. పూర్తయినవి కాదు, పూర్తికానివి చదవండి. ఇప్పుడే రాయడం మొదలుపెట్టిన ఒకరిని, మీ కులమో మీ వాదమో కాని ఒకరిని తప్పకుండా పిలవండి. శివశంకరశాస్త్రి గారికి మనం చేయగల స్మారకం అదే.