చమురు కారు చోటు

కోనసీమలో ఆయిలు ఇంజను లేని ఊరు అరుదు. లంకలలో తోటలకు నీరు తోడునది అదే. గోదావరి పాయలపై పంటును దాటించునది అదే. కరెంటు పోయిన రాత్రి రొయ్యల చెరువులో ఏరేటర్లను త్రిప్పు జనరేటరుకు ప్రాణమును అదే. ఇన్ని పనులు చేయు ఇంజను క్రింద నల్లని మరక యొకటి కనిపించినచో, చాలమంది "పాత ఇంజను గదా, కారక యేమగును?" అని గోనెపట్టా ముక్క పరచి ఊరకుందురు. ఈ మరకను గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ముందు లెక్క చూతము. సెకనుకు ఒక్క బొట్టు చొప్పున డీజిలు కారుచున్నదనుకొనుడు. ఇరువది బొట్లు ఒక మిల్లీలీటరు అగును. రోజునకు ఎనుబదియారువేల నాలుగువందల సెకనులు గనుక, ఇరువదినాలుగు గంటలలో పోవునది నాలుగు లీటర్లకు పైమాట. అయితే మేము చెప్పదలచిన నష్టము ఇది కాదు. చమురు బయటికి పోవు సందునుండి గాలి లోనికి పోగలదు. ఇంజను నడుచుచున్నపుడు ట్యాంకునుండి ఫీడు పంపు చమురును పీల్చును. ఆ పీల్పు భాగమున సన్నని పగులున్నచో, అక్కడ బొట్టు రాలదు సరిగదా, గాలి లోపలికి జొచ్చును. గాలి నొక్కిన నొదుగును, చమురు ఒదుగదు. పంపు ఎంత నొక్కినను గాలిబుడగ కుదించుకొని ఊరకుండును, నాజిలు తెరచుకొనదు, ఇంజను దగ్గి ఆగిపోవును. దీనినే మన మెకానిక్కులు ఎయిరు పట్టినదందురు.

ఇది పగటివేళ తోటలో జరిగినచో ఒక గంట పని చెడును, అంతే. రొయ్యల చెరువు గట్టున జరిగినచో కథ వేరు. రాత్రియంతయు చెరువులోని జీవులును, నాచును, అడుగు మట్టియు నీటిలోని ప్రాణవాయువును వాడుకొనుచునే యుండును. సూర్యుడు లేడు గనుక కొత్తది పుట్టదు. కావున తెల్లవారుజామున అది మిక్కిలి తగ్గియుండును. సరిగా ఆ వేళకు కరెంటు పోయి, జనరేటరు గాలి పట్టి మొరాయించినచో, నెలల తరబడి మేత వేసి పెంచిన పంట కొద్ది గంటలలో తేలిపోవును. అప్పు తెచ్చి చెరువు వేసిన రైతునకు ఆ సన్నని పగులు ఖరీదు ఎంతో వేరుగ చెప్పనక్కరలేదు.

కారు చోటును కనుగొనుటలో అందరును పడు చిక్కు ఒకటున్నది. తాటాకు పాక కప్పు కారినపుడు చినుకు పడిన చోటనే చిల్లు ఉండదు గదా! నీరు వాసము వెంట జారి మరెక్కడనో రాలును. చమురును అంతే. గొట్టము వెంట పాకి అన్నింటికంటె పల్లమైన చోట బొట్టగును. ఆ బొట్టు పడు నట్టును బిగించుచు పోయినవారు మరలు పాడు చేసికొందురే గాని, కారుట ఆగదు. మొదట ఇంజనును చల్లార్చి, గుడ్డతో శుభ్రముగా తుడిచి, పూర్తిగా ఆరనీయవలెను. తరువాత అనుమానమున్న కీళ్ళపై ముఖమునకు పూసికొను పౌడరు పలుచగా చల్లి, ఇంజనును కొద్ది నిమిషములు నడిపినచో, తడి మొదట తగిలిన చోట తెల్లపొడి నల్లబడును. పైనుండి క్రిందికి చూచుకొని రావలెను. ముగ్గుపిండి వాడరాదు. అందులోని గరుకు రేణువులు కదులు భాగములలో జొరబడును.

పీల్పు వైపు దోషమునకు ఈ ఉపాయము పనికిరాదు, అక్కడ తడి బయటికి రాదు గనుక. ఫిల్టరునకు ముందు జానెడు పారదర్శక గొట్టము తాత్కాలికముగా అమర్చి చూచినచో బుడగలు వరుసగా పోవుట కనిపించును. లేదా చిన్న డబ్బాలో డీజిలు పోసి, ఇంజను కంటె ఎత్తున వ్రేలాడదీసి, కొత్త గొట్టముతో నేరుగా పంపునకు తగిలించవలెను. అట్లు నడిచినచో తప్పు ట్యాంకునకును పంపునకును నడుమ నున్నదన్నమాట. సగము వెదకులాట తీరినట్లే.

ఇచ్చట ఒక హెచ్చరిక. పంపునుండి నాజిలునకు పోవు ఉక్కు గొట్టములో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు నూటయేబది కిలోలు, అంతకు మించియు ఉండును. లారీ టైరులోని గాలితో పోల్చినచో పదిహేను రెట్లకు తక్కువ కాదు. అక్కడి సూదిమొన యంత రంధ్రమునుండి వచ్చు ధార కంటికి ఆనదు. వేలు పెట్టి తడిమినచో చర్మమును చీల్చి చమురు మాంసములోనికి పోవును. పైకి చీమ కుట్టినంత గాయమే, నొప్పియు మొదట అంతగా ఉండదు. అందుచేతనే జనులు తేలికగా తీసికొందురు. కాని కొన్ని గంటలలో వేలు నల్లబడి తీసివేయవలసిన స్థితి కలుగవచ్చును. అట్టి వానిని ఆ క్షణముననే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి చేర్చి, డీజిలు లోనికి పోయినదని స్పష్టముగా చెప్పవలెను. కారు చోటును వెదకుటకు అట్టముక్క చాలును, చేయి వద్దు.

ఈ విషయమున మిక్కిలి జాగ్రత్త గలవారు ఇంటి కొట్టములో తమ విమానమును తామే కట్టుకొనువారు. 1953లో పాల్ పోబెరెజ్నీ అమెరికాలోని మిల్వాకీలో అట్టివారికొక సంఘము నెలకొల్పెను. అట్టి చిన్న విమానములలో ఎక్కువగా వాడు పెట్రోలునకు నీలి రంగు కలుపుదురు. కారిన పెట్రోలు ఆవిరియై పోయినను ఆ నీలి మరక నిలిచి కారు చోటును చూపును. వారి గొట్టపు మూతులు ముప్పదియేడు డిగ్రీల వాలుతో నుండును. మోటారు కారులవి నలుబదియైదు. ఒకదానికి మరియొకటి బిగించినచో చేతికి బిగిసినట్లే తోచును, కాని కారును. అట్టి మూతులకు టెఫ్లాను టేపు చుట్టరాదని వారి కట్టుబాటు. తెగిన పోగు కార్బురేటరులో అడ్డుపడినచో ఆకాశమున ఇంజను ఆగును. మన దుకాణములలో అన్నింటికిని టేపే మందు. దారి మూయు మందు అది!

ఇంధనము కారుట ఎంతటిదో కోనసీమకు వేరుగ చెప్పనేల? 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలము నగరములో గెయిల్ వారి 18 అంగుళముల గ్యాసు గొట్టము పగిలెను. వ్యాపించిన గ్యాసు అంటుకొని ఇరువది మందికి పైగా మరణించిరి. ఇండ్లును కొబ్బరి చెట్లును మాడిపోయెను. పొడి గ్యాసునకు ఉద్దేశించిన గొట్టములో నీరు, ద్రవములు కలిసిన గ్యాసును పంపుటచే లోపలివైపు తుప్పు తినివేసినదని విచారణలో తేలెను. అంతకు ముందునుండియే గ్యాసు వాసన వచ్చుచుండెనని ఊరివారు చెప్పిన మాటలు అప్పటి పత్రికలలో వచ్చినవి. లోపలినుండి తినబడిన గొట్టమునకు పైన కట్టు కట్టి ప్రయోజనము లేదు. మన చిన్న ఇంజను రేకు ట్యాంకుకును ఇదే వర్తించును. అడుగున చేరిన నీరు తుప్పు పట్టించును. నెలకొకసారి అడుగు మర విప్పి ఆ నీటిని వదలవలెను.

ఇక బాగుచేయుట. దారిలో చిల్లికి సబ్బుముద్ద అదుముట, సైకిలు ట్యూబు చుట్టుట ఇల్లు చేరువరకు చెల్లును. ఇల్లు చేరిన పిదప గొట్టమే మార్చవలెను. పెట్రోలు ఇంజనులవారు మరింత చూచుకొనవలెను. 2025 నాటికి మన బంకులలోని పెట్రోలున ఇరువది పాళ్ళు ఇథనాలు చేరినది. పాతకాలపు రబ్బరు కొన్ని రకములు దానికి ఉబ్బి మెత్తబడును. ట్యాంకువద్ద అతుకు పెట్టవలసివచ్చినచో, ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటె ప్రమాదకరమని ఎరుగుడు, ఆవిరి నిండియుండును గనుక. నిప్పు దగ్గరకు చేర్చరాదు, ఆ పని తెలిసినవానికి అప్పగింపవలెను.

కీళ్ళవద్ద కారుటకు తరచు కారణము రాగి వాషరు. ఒకసారి నలిగిన రాగి గట్టిపడి మరల అదుమబడదు. కొత్తది దొరకనిచో పాతదానిని ఎఱ్ఱగా కాల్చి నీటిలో వేసినచో మెత్తబడును. పైపొక్కును సన్నని ఎమెరీ కాగితముపై, అద్దము పలక మీద పెట్టి, రుద్ది తీయవలెను. బిగించిన పిదప గాలి తీసి, ఇంజనును పది నిమిషములు నడిపి, ఆపి, క్రింద తెల్లకాగితము పరచి ఉంచుడు. మరునాటి ఉదయము ఆ కాగితమును చూచిన తరువాతనే గోనెపట్టా తీసి పారవేయుడు.