రక్త వర్గానికీ, పలువరుసకూ సంబంధం ఉందా?

ఈ ప్రసంగంలో ఒక చిన్న ప్రశ్నను పరిశీలిద్దాం. ఒక మనిషి రక్త వర్గాన్ని బట్టి అతని పళ్ళు వరుసగా వస్తాయో, వంకరగా వస్తాయో చెప్పగలమా? ఎత్తుపళ్ళు, ముందుకు వచ్చిన దవడ, ఒకదానిమీద ఒకటి ఎక్కిన పళ్ళు – వీటికి కారణం మన రక్తంలోనే ఉందా?

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 2008లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జరీ అనే పత్రికలో ఇరాన్ పరిశోధకుల వ్యాసం ఒకటి వచ్చింది. ముఖం, దవడల ఎముకలలో వైకల్యం ఉన్నవారినీ, లేనివారినీ వారు పోల్చి చూశారు. బి వర్గం వారిలో వైకల్యానికి అవకాశం ఎక్కువనీ, ఎ వర్గం వారిలో తక్కువనీ రాశారు. మన దేశంలోని కొన్ని దంత వైద్య కళాశాలల్లో కూడా పలువరుస మీద ఇలాంటి పరిశీలనలు జరిగాయి. అయితే ఈ ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఒకచోట ఒక వర్గం పేరు ముందుకు వస్తే, మరొకచోట ఇంకొకటి వస్తోంది. కొన్నిచోట్ల అసలు తేడాయే కనబడలేదు. ఎందుకిలా జరుగుతుంది?

ముందు రక్త వర్గం అంటే ఏమిటో గుర్తు చేసుకుందాం. వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో మనుషుల రక్తాన్ని వర్గాలుగా విభజించి చూపాడు. అందుకు 1930లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఎర్ర రక్తకణం పైపొర మీద ఉండే చక్కెర అణువులలో ఒక చిన్న తేడాయే ఈ వర్గాలకు మూలం. ఒక రకం చక్కెర చేరితే ఎ, మరొక రకం చేరితే బి, రెండూ ఉంటే ఎబి, ఏదీ చేరకపోతే ఓ. ఈ పని చేయించే జన్యువు తొమ్మిదవ క్రోమోజోము మీద ఉంది. ఇది పుట్టుకతో వచ్చేది. మనం తినే తిండిని బట్టి గాని, పెరిగే చోటును బట్టి గాని మారదు.

పలువరుస సంగతి అలా కాదు. అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో పలువరుస లోపాలను మూడు తరగతులుగా విభజించాడు. ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి శాశ్వత దవడ పన్నును ఆయన గుర్తుగా తీసుకున్నాడు. పై పన్ను, కింది పన్ను సరిగానే కలిసినా మిగతా పళ్ళు వంకరగా ఉంటే మొదటి తరగతి. కింది దవడ పన్ను వెనక్కి ఉంటే రెండవది, ముందుకు ఉంటే మూడవది. ఈ తేడాలు రావడానికి ఒక్క జన్యువు కారణం కాదు. దవడ పొడవు, పన్ను వెడల్పు, పెరుగుదల వేగం – వీటిలో ఎన్నో జన్యువుల పాత్ర ఉంది. వాటికి తోడు నమిలే తిండి, వేలు చీకడం, నోటితో గాలి పీల్చడం, పాలపళ్ళు ముందే పోవడం వంటివి కలుస్తాయి.

ఇప్పుడు మీరు ఒక మాట అడగవచ్చు. రక్త వర్గానికీ కొన్ని జబ్బులకూ సంబంధం ఉందని డాక్టర్లే చెబుతున్నారు కదా అని. నిజమే. ఉదాహరణకు, ఓ వర్గం వారిలో రక్తనాళాలలో రక్తం గడ్డకట్టే ముప్పు మిగతావారికంటే కొంత తక్కువ. దీనికి కారణం కూడా తెలుసు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఒక ప్రోటీను వారిలో దాదాపు నాలుగో వంతు తక్కువగా ఉంటుంది. అంటే అక్కడ సంబంధమూ ఉంది, అది ఎలా పనిచేస్తుందో చెప్పే దారీ ఉంది. ఎర్ర కణం మీది చక్కెర దవడ ఎముకను ఎలా వంచుతుందో చూపే దారి మాత్రం ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.

మరి కొన్ని పరిశీలనల్లో సంబంధం ఎందుకు కనబడుతోంది? దీనిని అర్థం చేసుకోవడానికి అండమాన్ నికోబార్ దీవులకు వెళ్దాం. విశాఖపట్నం నుంచి ఓడలో వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగువారు మనలో చాలామందికి బంధువులో, పరిచయస్తులో అయి ఉంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల జనాభా 3 లక్షల 80 వేలు. అందులో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారితోపాటు తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారు, తమిళులు, ఛోటానాగపూర్ నుంచి పనికి వచ్చినవారు, 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్‌లు ఉన్నారు. వీరందరికంటే ముందునుంచీ ఉన్న ఆదిమవాసులు ఉన్నారు. 2011లో ఓంగీలు 101 మంది, షోంపెన్‌లు 229 మంది. నికోబారీలు దాదాపు 27 వేల మంది.

హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2005లో ఈ ఆదిమవాసుల డీఎన్‌ఏ గురించి సైన్స్ పత్రికలో ఒక ముఖ్యమైన పరిశోధన ప్రకటించారు. ఓంగీలు, గ్రేట్ అండమానీలు వేల సంవత్సరాలుగా ఇతరులతో కలవకుండా విడిగా ఉన్నవారని, నికోబారీలకు మాత్రం ఆగ్నేయాసియా ప్రజలతో దగ్గరి చుట్టరికం ఉందని అందులో తేలింది. ఇలా ఒక చిన్న సమూహం చాలా తరాలు విడిగా ఉంటే, కేవలం కాకతాళీయంగానే కొన్ని జన్యువులు పెరిగిపోతాయి, కొన్ని తరిగిపోతాయి. కనుక ఒక్కొక్క సమూహంలో రక్త వర్గాల పాళ్ళు ఒక్కొక్క రకంగా ఉంటాయి. ఇది ఒక్క దీవుల మాటే కాదు. ప్రపంచంలో ఒక్కో ప్రాంతం వారిలో ఈ పాళ్ళు వేరని 1919లోనే హిర్ష్‌ఫెల్డ్ దంపతులు చూపించారు. ముఖ నిర్మాణం, తిండి కూడా సమూహాన్ని బట్టి మారేవే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒక లెక్క చేసి చూద్దాం. ఈ అంకెలు కేవలం ఉదాహరణకు అనుకున్నవి. దయచేసి కాగితం, పెన్సిలు తీసుకోండి.

మొదటి సమూహంలో 100 మంది పిల్లలు. వారిలో బి వర్గం వారు 40 మంది. ఈ సమూహంలో సగం మందికి వంకర పళ్ళు. బి వర్గంలోనూ సగమే, అంటే 20 మంది. మిగిలిన 60 మందిలోనూ సగమే, అంటే 30 మంది. రక్త వర్గంతో ఏ సంబంధమూ లేదు.

రెండవ సమూహంలోనూ 100 మంది. బి వర్గం వారు 10 మందే. ఇక్కడ వంకర పళ్ళు ఐదో వంతు మందికి. బి వర్గంలో ఇద్దరికి, మిగిలిన 90 మందిలో 18 మందికి. ఇక్కడా ఏ సంబంధమూ లేదు.

ఇప్పుడు రెండు సమూహాలనూ ఒకే పట్టికలో కలపండి. బి వర్గం పిల్లలు 50 మందిలో 22 మందికి వంకర పళ్ళు, అంటే 44 శాతం. మిగిలిన 150 మందిలో 48 మందికి, అంటే 32 శాతం. చూశారా! ఏ సమూహంలోనూ లేని సంబంధం, కలపగానే పుట్టుకొచ్చింది. నిజానికి ఇక్కడ తేడా సమూహానిది, రక్తానిది కాదు. ఎన్నో ప్రాంతాల ప్రజలు కలిసి బతికే శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) వంటి పట్టణంలో ఒక ఆసుపత్రికి వచ్చినవారినందరినీ ఒకే జాబితాలో వేస్తే ఈ పొరపాటు జరగడం చాలా తేలిక. హైదరాబాదులోనైనా, విశాఖలోనైనా అంతే.

రెండవ చిక్కు కాకతాళీయం. నాలుగు రక్త వర్గాలు, మూడు తరగతుల లోపాలు, మగపిల్లలు, ఆడపిల్లలు – ఇలా ఎన్నో జతలు పోలుస్తూ పోతే, అసలేమీ లేకపోయినా దాదాపు ఇరవై పోలికలలో ఒకటి ముఖ్యమైనట్టు కనబడుతుంది. అందుకే ఒకచోట వచ్చిన ఫలితం మరొకచోట మళ్ళీ రావాలి. అలా రానంతవరకు దానిని అనుమానంగానే ఉంచుకోవాలి.

మరి సరిగా పరీక్షించే పద్ధతి ఏది? ఒక మంచి దారి, ఒకే తల్లిదండ్రుల పిల్లలను పోల్చడం. అన్నది ఎ వర్గం, చెల్లెలిది బి వర్గం. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే వంశం. ఇలాంటి వందలాది కుటుంబాలలో బి వర్గం పిల్లలకే లోపం ఎక్కువగా కనబడితే, అప్పుడు ఆలోచించవలసిందే. ఈ పద్ధతికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు, ఓపిక కావాలి.

ఈ చర్చతో మన ఇంటికి పనేమిటి అంటారేమో. పని ఉంది. 'అది రక్తంలోనే ఉంది, మనమేం చేయగలం' అనుకున్న తల్లిదండ్రులు, చేయగలిగినది కూడా చేయరు. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా అని పుచ్చిపోయినా వదిలేస్తాం. కాని పాలపన్ను కింద నుంచి రాబోయే పన్నుకు చోటు కాపాడుతుంది. అది ముందే పోతే పక్క పళ్ళు ఆ చోటులోకి జరుగుతాయి. నాలుగేళ్ళు దాటినా వేలు చీకే పిల్లవాడిని, నిద్రలో నోరు తెరిచి గాలి పీల్చే పిల్లను డాక్టరుకు చూపించాలి. మెత్తని తిండి పెట్టి పెంచిన జంతువుల దవడలు చిన్నవిగా పెరిగాయని ప్రయోగాలు చూపాయి. కనుక పిల్లలకు చెరుకు ముక్క, కొబ్బరి ముక్క, జొన్నరొట్టె నమిలే అలవాటు మంచిదే. ఏడేళ్ళ వయసులో ఒకసారి దంత వైద్యునికి చూపిస్తే, దవడ ఇంకా పెరుగుతుండగానే సరిదిద్దే అవకాశం దొరుకుతుంది.

రక్త వర్గాన్ని కూడా తప్పక తెలుసుకోండి. అది పళ్ళ కోసం కాదు. ప్రమాదంలో, కాన్పులో రక్తం ఎక్కించవలసి వచ్చినప్పుడు అది ప్రాణం నిలబెడుతుంది. ఒక దీవి నుంచి ఇంకొక దీవికి రోగిని ఓడలోనో, హెలికాప్టరులోనో తరలించవలసిన చోట, ఊళ్ళో ఎవరిది ఏ వర్గమో ముందే తెలిసి ఉండడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. రక్త వర్గం చెప్పగల విషయాలు దానినుంచి తెలుసుకుందాం. పలువరుస సంగతి మాత్రం పిల్లల నోరు తెరిపించి చూసి తెలుసుకుందాం. సెలవు.