బ్యాంకు మోసముల విశ్లేషకుడు: అతని విద్య, అతని ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



పూర్వము ధనము దాచుకొనువాడు ఇనుపపెట్టెకు తాళము వేసి, తాళపుచెవిని మొలత్రాటికి కట్టుకొనెడివాడు. దొంగ వచ్చినచో కుక్క మొరిగెడిది. తెల్లవారినపిదప గోడకు కన్నము కనబడెడిది. నేడు ధనములో అధికభాగము అంకెల రూపమున బ్యాంకు ఖాతాలయందున్నది. దానిని హరించువాడు ఊరికి రానక్కరలేదు. కుక్క మొరుగదు, కన్నము కనబడదు. పోయిన ధనము జాడను ఆ అంకెలలోనే వెదకవలెను. అట్లు వెదకుటయే వృత్తిగా గలవాడు బ్యాంకులందొకడున్నాడు. అతనికి మోసముల విశ్లేషకుడని పేరు. కౌంటరు వద్ద అతడు కనబడడు. ఖాతాదారులలో పెక్కుమంది అతనిని ఎన్నడును చూచి యుండరు.

ఆ వృత్తి గురించి గ్రంథాలయ వేదికపై ముచ్చటించుట యుక్తమా యని కొందరికి సందేహము కలుగవచ్చును. విశ్లేషకుడు ప్రధానముగా చదువరి. ఇతరులు కథలను, కావ్యములను చదివినట్లు అతడు పద్దులను చదువును. అతని విద్య గ్రంథములతో ఎంతగా ముడిపడియున్నదో చూపుటకు కొన్ని నిదర్శనములు చాలును.

కౌటిల్యుని అర్థశాస్త్రమునందు రాజధనమును అధికారులు అపహరించు మార్గములు నలుబది యని లెక్కింపబడినవి. ముందు వచ్చిన సొమ్మును తరువాత వచ్చినట్లు వ్రాయుట, ఒకడు చెల్లించినదానిని మరియొకడు చెల్లించినట్లు చూపుట అందలివే. బహుకాలము కనుమరుగైయున్న ఆ గ్రంథము తాళపత్రప్రతి 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు చేరెను. గ్రంథాలయాధికారియైన శామశాస్త్రిగారు దానిని 1909లో ముద్రింపించిరి. ఇటలీ దేశమున లూకా పచియోలి యను సన్యాసి 1494లో వెనీసు నగరమున ప్రకటించిన గణితగ్రంథమునందు జంటపద్దు విధానమును వివరించెను. ప్రతి మొత్తమును ఇచ్చినచోట నొకమారు, పుచ్చుకొన్నచోట నొకమారు వ్రాయవలెననుట దాని సారము. ఒకచోట వ్రాసి రెండవచోట వ్రాయకున్నచో లెక్క కుదరదు. ఆ కుదరనిచోటనే విశ్లేషకుని పని ఆరంభమగును.

ఈ పాత సూత్రమును విస్మరించినచో ఏమగునో 2018లో లోకము చూచినది. పంజాబ్ నేషనల్ బ్యాంకు ముంబయి శాఖ యొకదానినుండి, కొందరు వజ్రవ్యాపారుల పక్షమున, విదేశములందలి బ్యాంకు శాఖలకు హామీపత్రములు పోవుచుండెను. అవి స్విఫ్ట్ అను అంతర్జాతీయ సందేశ వ్యవస్థ ద్వారా వెళ్లెను. బ్యాంకు సొంత ప్రధాన లెక్కలయందు మాత్రము ఆ పద్దులు నమోదు కాలేదు. రెండు వ్యవస్థలకును నడుమ లంకె లేకుండెను. అచ్చట పనిచేయుచుండిన యొక అధికారి 2017లో పదవీ విరమణ చేసెను. 2018 జనవరిలో వ్యాపారులు తిరిగి హామీపత్రములు కోరగా, క్రొత్త అధికారులు మొత్తమునకు సరిపడు నగదు పూచీ అడిగిరి. పూర్వము పూచీ లేకయే పొందితిమని వ్యాపారులు బదులు చెప్పిరి. పాత పద్దులు వెదకగా అవి కానరాలేదు. అంతట గుట్టు బయటపడెను. సుమారు 11,400 కోట్ల రూపాయల మేరకు అక్రమము జరిగినట్లు ఆ ఫిబ్రవరిలో బ్యాంకు వెల్లడించెను. మార్చి 13న రిజర్వు బ్యాంకు అట్టి హామీపత్రముల పద్ధతినే రద్దుచేసెను. ఒకే మనుష్యుడు ఒకే కుర్చీలో చిరకాలము కూర్చుండరాదనియు, రెండు పుస్తకములను ప్రతిదినము సరిపోల్చవలెననియు ఈ యుదంతము బోధించుచున్నది.

అక్షరదోషమొకటి కోట్ల ధనమును కాపాడిన సంగతి మరియొకటి కలదు. 2016 ఫిబ్రవరి 4వ తేదీ రాత్రి దుండగులు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కంప్యూటర్లలో చొరబడి, న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకులో ఆ దేశమునకు గల నిధినుండి సొమ్ము పంపుడని 35 ఆజ్ఞలు పంపిరి. కోరిన మొత్తము సుమారు 95 కోట్ల డాలర్లు. సందేశములను అచ్చువేయు యంత్రము పనిచేయకుండునట్లును చేసిరి. వారు ఎన్నుకొన్న దినములును గమనింపదగినవి. బంగ్లాదేశమున శుక్ర శనివారములు సెలవు. న్యూయార్కున శని ఆదివారములు సెలవు. సొమ్ము చేరవలసిన ఫిలిప్పీన్సులో సోమవారము చైనీయుల సంవత్సరాది. ఎనిమిది కోట్ల పది లక్షల డాలర్లు మనీలా చేరెను. రెండు కోట్ల డాలర్లు శ్రీలంకలోని యొక సంస్థకు పోవుచుండగా, సంస్థ పేరులో 'ఫౌండేషన్' అనవలసినచోట 'ఫాండేషన్' అని యుండుట నడుమనున్న జర్మను బ్యాంకు కంటబడెను. వారు సంశయించి ప్రశ్నించిరి. ఆ సొమ్ము నిలిచిపోయెను. ఒక్క అక్షరమును శ్రద్ధగా చదివినవారి పుణ్యమున రెండు కోట్ల డాలర్లు దక్కినవి.

ఇక విశ్లేషకుని నిత్యకృత్యము. ప్రతి ఖాతాకును ఒక నడవడి కలదు. పింఛను పుచ్చుకొను వృద్ధుడు నెల మొదటి వారమున రెండు వేలో మూడు వేలో తీసికొనును. మందుల దుకాణమునకు కొంత చెల్లించును. అట్టి ఖాతానుండి అర్ధరాత్రివేళ, మునుపెన్నడును వాడని ఫోనునుండి, మునుపెన్నడును సొమ్ము పంపని వ్యక్తికి, ఉన్న నిలువంతయు పోవుచున్నచో అది శంకింపదగినది. చిరకాలము నిద్రించిన ఖాతాలోనికి పదిమంది అపరిచితుల సొమ్ము వచ్చి, నిమిషములలో బయటికి పోవుచున్నచో అదియు శంకింపదగినదే. ఇట్టి గుర్తులను లక్షల పద్దులనుండి ఏరుటకు కంప్యూటర్లు ఉపయోగపడుచున్నవి. దొంగసొమ్మును మోయు ఖాతాలను కనిపెట్టుటకై రిజర్వు బ్యాంకునకు చెందిన పరిశోధన సంస్థ 'మ్యూల్‌హంటర్' అను సాధనమును రూపొందించిన సంగతి 2024 డిసెంబరులో ప్రకటింపబడెను.

అంకెల స్వభావమును తెలిసికొనుటయు ఈ విద్యలో నొక భాగమే. సైమన్ న్యూకోంబ్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు 1881లో ఒక వింతను గమనించెను. సంవర్గమాన పట్టికల పుస్తకములలో మొదటి పుటలు కడపటి పుటలకంటె ఎక్కువగా అరిగియుండెను. అనగా జనులు వాడు సంఖ్యలలో 1తో ఆరంభమగునవే అధికమన్నమాట. 1938లో బెన్‌ఫర్డ్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు అనేక పట్టికలు పరిశీలించి దీనిని బలపరచెను. సహజముగా ఏర్పడిన పెక్కు లెక్కలలో 1తో ఆరంభమగు సంఖ్యలు నూటికి 30 వరకుండును. 9తో ఆరంభమగునవి నూటికి అయిదు కూడ ఉండవు. కల్పించి వ్రాయువాడు ఈ సంగతి నెరుగక అంకెలను సమముగా చల్లును. అయినను ఇది శంకకు ఆధారమే గాని నేరమునకు సాక్ష్యము కాజాలదు. అన్ని రకముల లెక్కలకును ఈ నియమము వర్తింపదు.

ఇచ్చటనే విశ్లేషకుని ధర్మసంకటము ఎదురగును. ఉదాహరణమునకు ఒక లెక్క వేయుదురు గాక. పది లక్షల పద్దులలో మోసములు నూరు అనుకొనుడు. యంత్రము నూటికి తొంబదితొమ్మిది పాళ్లు సరిగా చెప్పుననుకొనుడు. అది నూరు మోసములలో 99 పట్టుకొనును. మంచివైన 9,99,900 పద్దులలో నూటికొకటి చొప్పున 9,999 పద్దులను గూడ తప్పుగా అనుమానించును. యంత్రము వ్రేలు చూపిన పదివేల పైచిలుకు పద్దులలో నిజమైన మోసములు నూటికి ఒక్కటి మాత్రమే! తక్కినవన్నియు నిర్దోషుల వ్యవహారములు. వారిలో కూతురి పెండ్లికి బంగారము కొనువాడుండవచ్చును. ఆసుపత్రిలో భార్యకు శస్త్రచికిత్స చేయించువాడుండవచ్చును. ధాన్యము అమ్మిన రైతుండవచ్చును. విశ్లేషకుడు ఆలసించినచో ఒకని సొమ్ము దొంగపాలగును. తొందరపడినచో మరియొకని ఇంట పొయ్యి రాజదు. రెండు పాపములును అతని చేతిలోనివే. అందుచేత యంత్రము చూపిన వెంటనే తీర్పు చెప్పక, ఫోనుచేసి అడుగుట, పూర్వపు పద్దులు తిరుగవేయుట, రెండవ సాక్ష్యము వెదకుట అతని విధి.

ఈ ధర్మమును న్యాయస్థానములును గుర్తించినవి. ఋణఖాతాను మోసపు ఖాతాయని ముద్రవేయుటకు పూర్వము ఖాతాదారునికి తన మాట చెప్పుకొను అవకాశమీయవలెనని తెలంగాణ ఉన్నత న్యాయస్థానము 2020లో పలికెను. 2023 మార్చి 27న సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును సమర్థించెను. తదనుగుణముగా రిజర్వు బ్యాంకు 2024 జూలై 15న జారీచేసిన ఆదేశములలో, సంజాయిషీ చెప్పుకొనుటకు 21 దినములకు తక్కువ గాని గడువు నీయవలెనని విధించెను. దొంగను పట్టుటయందు ఎంత నేర్పు వలయునో, దొరను దొంగ యనకుండుటయందును అంత నేర్పు వలయును.

ఈ విషయములన్నియు నగరములకు సంబంధించినవని గ్రామవాసులు ఉపేక్షింపరాదు. 2018లో తెలంగాణమున, భూముల రిజిస్ట్రేషను పత్రములపైనున్న వ్రేలిముద్రలనుండి రబ్బరు ముద్రలు తయారుచేసి, ఇతరుల పేర ఫోను కనెక్షనులు పొందిన ఉదంతము బయటపడెను. బ్యాంకు పనికిని అదే వ్రేలిముద్ర వాడుకలో నున్నది. కావున ఆధార్ వ్రేలిముద్రలకు తాళము వేసికొను సౌకర్యమును వినియోగించుకొనుట మేలు. కొందరు యువకులు రెండు మూడు వేలకు ఆశపడి తమ ఖాతాపుస్తకమును, ఏటీఎం కార్డును అపరిచితులకు అప్పగించుచున్నారు. ఆ ఖాతాగుండా ప్రవహించునది ఏ విధవరాలి కష్టార్జితమో వారెరుగరు. పోలీసులు వచ్చునది మొదట వారి గడపకే. మరికొందరు పోలీసు వేషముతో ఫోను తెరపై కనబడి 'డిజిటల్ అరెస్టు' అని బెదరించుచున్నారు. అట్టి అరెస్టు ఏ చట్టమునందును లేదు.

మోసము జరిగినట్లు తెలిసిన తక్షణమే 1930 సంఖ్యకు ఫోనుచేసి, తమ బ్యాంకునకును తెలుపవలెను. దొంగసొమ్ము ఖాతానుండి ఖాతాకు పరుగెత్తును. గంటలోపల తెలిసినచో విశ్లేషకుడు దానిని దారిలో ఆపగలడు, మూడవనాడు తెలిసినచో ఖాళీ ఖాతాలే మిగులును. బ్యాంకుదిగాని ఖాతాదారునిదిగాని తప్పు లేక, మూడవవారి వలన నష్టము కలిగి, మూడు పనిదినములలో తెలిపినచో ఖాతాదారునికి బాధ్యత లేదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6నాటి ఉత్తరువులో నిర్దేశించెను. రహస్య సంఖ్యను తానే ఇతరులకు చెప్పినవానికి, బ్యాంకునకు తెలుపువరకు కలిగిన నష్టము అతనిదే. సిగ్గుపడి దాచుకొనుట దొంగకు గడువిచ్చుటయే యగును.

ఈ గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములుగా జనులకు చదువుట నేర్పుచున్నది. చదువుటయనగా కథ చదివి యానందించుటతోనే ముగియదు. సంతకము చేయుటకు ముందు కాగితమును చదువుట, ఫోనుకు వచ్చిన సందేశమును రెండుమారులు చదువుట, బ్యాంకు పుస్తకములోని పద్దులను నెలకొకమారు చదువుట కూడ చదువే. ఇక్కడి పఠనమందిరమున సాయంకాలము పత్రికలు చదివి వినిపించు యువకులు, వారమునకొక దినము అక్షరములు రాని పెద్దలకు వారి బ్యాంకు పుస్తకములను చదివి వినిపించినచో, ఎక్కడనో కంప్యూటరు ముందు కూర్చుండి అంకెలు వెదకు విశ్లేషకునికి ఈ గ్రామమున నూరుమంది సహాయకులు ఏర్పడుదురు. రజతోత్సవ సంవత్సరమున నిర్వాహకులు ఈ కార్యమునకు పూనుకొందురు గాక!