బద్ధకమా, జబ్బా?

(షోలాపూర్ స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, బ్యాంకు గుమాస్తాగా రిటైరైన వాడిని. అయినా నిద్ర గురించి మాట్లాడడానికి కారణం ఉంది. రెన్యువల్ దరఖాస్తులు చూసేటప్పుడు ఏటా ఒక మాట వింటున్నాను. "మావాడు తెలివైనవాడే సార్, ఒట్టి బద్ధకం. పుస్తకం పట్టుకుంటే నిద్రే." బద్ధకమే కావచ్చు. కొందరిలో మాత్రం అది జబ్బు. ఏదో తేల్చుకున్నాకే తిట్టండి.

ముందు గంటల లెక్క చూడాలి. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలు, పెద్దలకు కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. ఒంటిగంట దాకా సెల్‌ఫోన్ చూసి ఆరింటికి లేచిన కుర్రాడు క్లాసులో తూగితే అది జబ్బు కాదు, తీర్చని బాకీ. అయితే యుక్తవయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను రాత్రి ఆలస్యంగా పెరుగుతుంది. తొమ్మిదింటికే పడుకోమంటే నిద్ర రాకపోవడం మొండితనం ఒక్కటే కాదు. రోజూ, ఆదివారంతో సహా, ఒకే వేళకు లేచి పొద్దుటి వెలుతురులో కాసేపు తిరిగితే ఆ గడియారం మెల్లగా సర్దుకుంటుంది.

సరిపడా పడుకున్నా పగలు నిద్ర ముంచుకొస్తుంటే మాత్రం ఆలోచించాలి. మన ఇళ్లలో గురకను హాయిగా నిద్రపోతున్నాడనడానికి గుర్తుగా తీసుకుంటాం. గురక మధ్యలో ఊపిరి కొన్ని సెకన్లు ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్లీ అందుకుంటుంటే దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. గొంతులో గాలి దారి మూసుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రంతా ఇదే తంతు. మనిషికి ఒక్కటీ గుర్తుండదు, పక్కన పడుకున్న ఇల్లాలికే తెలుస్తుంది. పొద్దున తలనొప్పి, తగ్గని బీపీ, స్కూటరు నడుపుతూ కునుకు, ఇవన్నీ దాని వెంట వచ్చేవే. నిద్రలో చేసే పరీక్షతో తేలుతుంది. బరువు తగ్గడం, ముక్కుకు మాస్కు పెట్టి గాలి పంపే సీప్యాప్ యంత్రం వాడడం చికిత్సలు.

పిల్లల్లో దీనికి తరచు కారణం టాన్సిల్సు, అడినాయిడ్లు పెరగడం. నోరు తెరిచి పడుకుంటారు, గురక పెడతారు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలు కావచ్చు. పగలు తూగడానికి బదులు అల్లరి, చిరాకు, చదువు మీద ధ్యాస లేకపోవడం కనిపిస్తాయి. టీచరు గారు క్రమశిక్షణ లేదని రాసి పంపుతారు! సివిల్ హాస్పిటల్‌లో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. అవసరమైతే ఆపరేషన్ చేసి తీసేస్తారు, చాలామంది పిల్లలకు గుణం కనిపిస్తుంది.

నార్కోలెప్సీ అని ఇంకొకటి ఉంది. అరుదైనదే, కానీ ఎక్కువగా చదువుకునే వయసులోనే మొదలవుతుంది. రాత్రి బాగా పడుకున్నా పగలు ఆపుకోలేని నిద్ర. కొందరికి పకపకా నవ్వితే మోకాళ్లు పట్టు తప్పుతాయి. పూర్తిగా పోదు గాని మందులతో అదుపులో ఉంటుంది. నరాల డాక్టరు చూడాలి. ఇలాంటి పిల్ల మార్కులు తగ్గితే మనం బద్ధకం ఖాతాలో రాసి స్కాలర్‌షిప్పు ఆపేస్తాం. డాక్టరు సర్టిఫికెట్ తెచ్చిన వారికి మార్కుల నిబంధన ఒక ఏడాది సడలించాలని కమిటీ వారికి నా మనవి.

తెలివి వచ్చినా కాలూ చేయీ కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండడం దయ్యం పని కాదు. నిద్ర చాలనప్పుడు ఎవరికైనా రావచ్చు. తాయెత్తు కట్టి అమ్మాయిని మరింత భయపెట్టకండి. పగలంతా బీడీలు చుట్టి రాత్రి నడుం వాల్చాక కాళ్లు లాగుతూ, కదిలిస్తేనే హాయిగా ఉంటే ఆడవాళ్లు రక్తంలో ఐరన్ పరీక్ష చేయించుకోవాలి. మరమగ్గాల మీద రాత్రి షిఫ్టు చేసే తండ్రులు షిఫ్టు చివరి గంటల్లో చాయ్ మానేసి, ఇంటికొచ్చాక కిటికీకి నల్లగుడ్డ కట్టి పడుకోవాలి. ఇంట్లో వాళ్లు ఆ వేళకు టీవీ ఆపాలి.

వారంలో మూడు రాత్రులైనా నిద్ర పట్టక, అది మూడు నెలలు సాగితే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. పక్కింటివారి మాత్ర అడిగి వేసుకోకండి. ఆల్ప్రజోలాం వంటివి 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది దుకాణదారు రిజిస్టరులో రాయాలి. మాత్రల కంటే ముందు అలవాట్లను, ఆలోచనలను సరిచేసే చికిత్స ఉంది, దాని గురించి అడగండి. నిద్ర లేకపోవడంతో పాటు బతకాలని లేదనే మాట పిల్లల నోట వస్తే మూడు నెలలు కాదు, మూడు రోజులు కూడా ఆగవద్దు. 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడవచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాయండి: పడుకున్న వేళ, లేచిన వేళ, మధ్యలో మెలకువలు, తాగిన టీలు, పగటి కునుకులు. గురక ఉంటే సెల్‌ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీయండి. ఆ రెండూ చూస్తే డాక్టరు గారికి సగం పని తేలికవుతుంది. సెలవు.